మంచుపేట

మా పాపకు ఫోను మీద వేలు పెట్టి లాగడం వచ్చింది. మాటలు ఇంకా సరిగ్గా రాలేదు గానీ ఇది మాత్రం వచ్చింది. ఇవాళ సాయంత్రం వాళ్ళ నాన్న బస్సు ఏ తొవ్వన వస్తుందో చూద్దామని నక్ష, అదే మ్యాపు, తెరిచాను. అంతలో పొయ్యి మీద పాలు పొంగితే ఫోను మంచం మీద పెట్టి వంటింట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి పాప నక్షను కిందికి, ఇంకా కిందికి గుంజుతున్నది. సిద్దిపేట జారిపోయింది. దేశం, దాని పైన ఉన్న కొండలు, ఎవరివో ఎడారులు అన్నీ తెర అడుగు నుంచి జారిపోయాయి. చివరికి తెలుపు తప్ప ఏమీ మిగల్లేదు.

పాలగిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ తెలుపులో ఎర్రటి పిన్నుల కోసం వెతికాను. ఇది వేరే ఫోను, వేరే నక్ష, ఇందులో ఉండవని తెలుసు. అయినా వెతికాను. లేవు. అప్పుడు గిన్నె కింద పెట్టాను.

ఆ తెల్లటి జాగకు మంచుపేట అని పేరు పెట్టింది ఆపా. ఆమె మొన్న ఎండాకాలంలో పోయింది. ఇప్పుడు పాప పడుకుంది, ఆయన ఇల్లు చేరాడు, తలుపు గడియ రెండుసార్లు చూసి వచ్చి ఇది రాస్తున్నాను. నా దగ్గర ఆపా ఫోటో ఒక్కటి కూడా లేదు. తీయనిచ్చేది కాదు.

ఆపా అంటే ఉర్దూలో అక్క. బట్టల దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకుని, ఫోన్లలో నడిచే నక్షలు తయారుచేసేది. అంతకుముందు హైదరాబాదులో పెద్ద కంపెనీలో అదే పని చేసింది. జబ్బు చేసిన తర్వాత సొంతూరికి వచ్చింది, పని మాత్రం వదల్లేదు. కంప్యూటర్ చదువు పూర్తిచేసి, పెళ్ళై, కడుపుతో ఉన్న నన్ను పనిలో పెట్టుకునేటప్పుడు ఆమె అడిగింది ఒకటే మాట.

"మెట్లు నిలువుగున్నయి పిల్లా. ఎక్కుతవా?"

"ఎక్కుత ఆపా."

"దిగేటప్పుడు నన్ను పిలువు. పట్టుకుంట."

ఆమెను తలుచుకుంటే ముందు ఆ ఎడమ చెయ్యి గుర్తొస్తుంది. కిడ్నీలు పనిచేయక వారానికి రెండుసార్లు హైదరాబాదు దవాఖానకు పోయి, మిషను మీద రక్తం శుభ్రం చేయించుకునేది. దానికోసం ఎడమ చేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు. అక్కడ చర్మం తాడులాగా ఉబ్బి ఉండేది. ఆ చేతిని చిన్న దిండు మీద పెట్టి, పైన దుపట్టా కొంగు కప్పి, కుడిచేత్తో మాత్రమే కీబోర్డు కొట్టేది. రెండు చేతులతో కొట్టే నాకంటే జోరుగా కొట్టేది. ఒకసారి నా చెయ్యి తీసుకుని ఆ ఉబ్బు మీద పెట్టింది. లోపల తేనెటీగలు తిరుగుతున్నట్టు గుర్రుమంటున్నది.

"భయమైతుందా?" అని అడిగింది.

"అయితుంది ఆపా."

"అది చప్పుడు చేసినన్ని రోజులు భయం లేదు. చప్పుడు ఆగితెనే పరేషాన్."

ఆ తర్వాత తన చెయ్యి నా కడుపు మీద పెట్టి, అక్కడి కదలిక కోసం కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. అట్లా మేమిద్దరం ఒకరి భయం ఒకరం చేత్తో తాకి చూసుకున్నాం.

ఆమె నీళ్ళు తాగడానికి లేదు. కొలిచి ఇచ్చినట్టు రోజుకు ఇన్ని అని ఉండేవి. కింద జ్యూసు దుకాణం నుంచి ఫ్లాస్కులో ఐసు ముక్కలు తెప్పించుకుని, దాహమైనప్పుడు ఒక ముక్క నాలుక మీద పెట్టుకునేది. అది కరిగేదాకా మాట్లాడేది కాదు. ఏదన్నా చిక్కు ప్రశ్న అడిగితే కూడా ముందు ఐసు ముక్క తీసుకునేది. జవాబు కోసం నేను ఆమె దవడ వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

ఫోను తెరను వేలి కొసతో తాకేది కాదు. వేలు మడిచి, తలుపు తట్టినట్టు కణుపుతో తట్టేది. "కొసతోటి తాకితే ఏడ తాకినమో మన వేలే మనకు కనవడనియ్యది," అనేది. ఆమె దృష్టిలో నక్ష బొమ్మ కాదు. తాకితే పలకాలి. తట్టగానే చిన్న డబ్బా తెరుచుకుని, ఈ చోటు సంగతి ఇది అని చెప్పాలి. చెప్పకపోతే, "మూగదాన్ని చేసినవ్ దీన్ని," అని నా వైపు కుర్చీ తిప్పేది.

నేను చేరిన కొత్తలో సిద్దిపేట మీద ఒక పిన్ను పడేటట్టు రాయమంది. రాశాను. పడలేదు. ఊళ్ళో ఏ గల్లీలోనూ లేదు. ఆపా వచ్చి వేలి కణుపుతో నక్షను గుంజుకుంటూ, గుంజుకుంటూ పైకి పోయింది. తెలుపు వచ్చింది. తెలుపు మధ్యలో నా పిన్ను.

"గిదేంది ఆపా, గింత తెల్లగుంది?"

"మంచు. సిద్దిపేటను ఎత్తుకపోయి మంచుల పడేసినవ్. గాడ తెల్ల ఎలుగుబంట్లు తిరుగుతయి. మీ అత్తగారిల్లు ఏ మూలకొచ్చిందో చూస్కో."

నక్ష మీద ప్రతి చోటుకూ రెండు అంకెలుంటాయి. భూమి నడుమ గీత నుంచి ఎంత ఉత్తరానికి ఉందో చెప్పేది ఒకటి, ఎంత తూర్పుకు ఉందో చెప్పేది ఇంకొకటి. మనకు ఉత్తరం పద్దెనిమిది, తూర్పు డెబ్బై ఎనిమిది. కొన్ని చోట్ల ఉత్తరం ముందు రాయాలి, కొన్ని చోట్ల తూర్పు ముందు రాయాలి. నేను తారుమారు చేశాను. అట్లా తారుమారైతే మన ఊరు నేరుగా పోయి ఉత్తర ధ్రువం పక్కన ఉన్న మంచు దీవుల మీద పడుతుంది. ఈ పని నేర్చుకునే వాళ్ళందరూ ఈ తప్పు చేస్తారట. "మనది నయం. సముద్రంల పడలె," అని ఆపా నవ్వింది. ఆ రోజు నుంచి అది మంచుపేట అయింది.

కానుపుదాకా ఉంటున్న పుట్టింటికి పోయి చెబితే మా తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. నెల రోజులు నన్ను చూసినప్పుడల్లా, "అక్కా, మంచుపేట బస్సు ఎన్నింటికి?" అని అడిగేవాడు.

ఆ రోజుల్లో ఊరంతా రోడ్డు మీదే ఉండేది. ఒకనాడు బంద్, ఒకనాడు రాస్తారోకో, ఇంకొకనాడు రోడ్డు నడుమ పొయ్యిలు పెట్టి వంటలు. బస్సులు లేవు, స్కూళ్ళు లేవు. అమ్మను మేము అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. మా ఇంట్లో అవ్వతో సహా అందరం ఏదో ఒకనాడు ఆ రోడ్డు మీద కూర్చున్నవాళ్ళమే. ఆపా కూడా రెండుసార్లు వచ్చి, దుపట్టా కింద చెయ్యి దాచుకుని, చివర్లో కూర్చుంది. "తెలంగాణ రావాలె," అనేది. "వచ్చిననాడు చూడనీకి నేను గూడ ఉండాలె గదా."

ఆమెకు వారానికి రెండు రోజులు హైదరాబాదు తొవ్వ తెరిచి ఉండాలి. పెద్ద రోడ్డు మూస్తే వేములఘాట్ మీదుగా పోవాలి, అక్కడా మూస్తే రాయపోల్ వైపు తిరగాలి. ఒకసారి తొవ్వలు వెతుక్కుంటూ పోయి పోయి దవాఖాన చేరేసరికి ఆమెకు ఊపిరి అందలేదు. తిరిగి వచ్చిన మర్నాడే ఐసు ముక్క నోట్లో పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. అది కరిగిన తర్వాత, "తొవ్వ ఏడ బంద్ ఉందో నక్షనే చెప్పాలె పిల్లా," అంది.

దానికి తొవ్వ అనే పేరు పెట్టాం. రోడ్డు మూసిన చోట నిలబడి, నక్ష మీద వేలు నొక్కి పట్టుకుంటే అక్కడ ఎర్ర పిన్ను దిగుతుంది. ఆ పిన్ను తట్టినవాళ్ళకు డబ్బా తెరుచుకుని రాళ్ళున్నాయనో, వంటలు నడుస్తున్నాయనో, సాయంత్రందాకా ఆగాలనో చెబుతుంది. అంబులెన్సులు నడిపేవాళ్ళు, పాల వ్యాన్ల వాళ్ళు, కాలేజీ పిల్లలు ఒకరి ఫోను నుంచి ఒకరు తీసుకున్నారు. ఎవడో అల్లుడు తన అత్తగారింటి గల్లీలో పిన్ను పెట్టి "ఇటు రావద్దు" అని రాశాడు. దాంతో అక్కడ నిలబడ్డవాళ్ళే నొక్కాలని నియమం పెట్టాల్సి వచ్చింది. అబద్ధాలు ఆపడానికి పిన్నుతో పాటు నొక్కినవాళ్ళ ఫోను నంబరు కూడా మా ఆఫీసు కంప్యూటర్‌కు వచ్చేది.

అది రాసిన రోజు ఆపా అన్నం తినలేదు. "నంబరు తీసుకునుడు నాకు మంచిగనిపిస్తలేదు," అని రెండు మూడుసార్లు అంది. ఆ తర్వాత తనే ఇంకొక నియమం కలిపింది. ఎవరు ఇంట్లో నుంచి నొక్కినా పిన్ను ఇంటి మీద పడకూడదు. ఆ ఇంటికి దగ్గరగా ఉన్న రోడ్డు మీదికి జరగాలి. నేను ఒకసారి పరీక్ష కోసం మా ఇంటి మీదే పిన్ను పెడితే నా చేతి మీద తన కణుపుతో తట్టింది.

"నక్కో. ఇంటి మీద నక్కో. తొవ్వ మీద పెట్టు."

నక్కో అంటే వద్దు. మా గల్లీలో తురక ఇళ్ళ నుంచి రోజుకు వందసార్లు వినబడే మాట. కానీ ఆమె ఆ మాట అన్నప్పుడు గొంతు మారేది. "మనం తొవ్వ చూపెట్టేటోళ్ళం. ఇల్లు చూపెట్టుడు మన పని గాదు."

అదే రోజుల్లో తమ్ముడి మీద కేసయింది. ఒక రాస్తారోకోలో చాలామంది పేర్లతో పాటు వాడి పేరూ రాసుకున్నారు. వాడు అవ్వకు కూడా చెప్పకుండా ఇల్లు విడిచి పోయాడు. ఫోను చేస్తే మోగదు. అవ్వ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. నాకు నెలలు నిండుతున్నాయి. మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడు విన్నా వాడి కబురే అనుకుని కడుపు పట్టుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున వేములఘాట్ తొవ్వ మీద కొత్త పిన్ను కనబడింది. తట్టాను. "చెట్టు అడ్డం. పెద్దది కాదు" అని ఉంది.

వాడే. సైకిలు మీద నుంచి పడి తల పగిలిననాడు కూడా నెత్తురు కారుతుంటే అవ్వతో "పెద్దది కాదు" అన్నాడు. పరీక్ష తప్పిననాడు అన్నాడు. కేసైన రోజు బాపుతో ఆ మాటే అన్నాడు. మర్నాడు పొద్దున అదే చోట అదే మాట. ఆ మర్నాడు కూడా. నేను లేవగానే ముఖం కడగకముందే నక్ష తెరిచేదాన్ని. చెట్టు పడి ఉంటే అవ్వకు చెప్పేదాన్ని, ఆమె ఆ పూట తినేది.

ఆపా హైదరాబాదు పోయి వచ్చింది. కుర్చీ నా వైపు తిప్పింది.

"వేములఘాట్ తొవ్వల నుంచే వచ్చిన పిల్లా. ఏ చెట్టు లేదు. రోజూ ఒకడు చెట్టు పడ్డదంటుండు. ఎవడాడు?"

నా ముఖమే చెప్పి ఉంటుంది. "మా తమ్ముడు ఆపా," అన్నాను. "బతికున్న అని చెప్తుండు."

ఆమె ఐసు ముక్క తీసుకుంది. అది కరగడానికి ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టినట్టనిపించింది.

"పడనీ," అంది. "రోజూ పడనీ చెట్టు." మళ్ళీ కీబోర్డు వైపు తిరిగి, కొంచెం ఆగి, "గని పిల్లా, వాని నంబరు గూడ రోజూ గీడికొస్తుంది. అది నీకు యాదికుందా?" అని అడిగింది.

అప్పటిదాకా ఆ సంగతి తట్టలేదు. వాడు బతికున్నాడన్న కబురే వాడెక్కడున్నాడన్న కబురు కూడా. వాడికి వద్దని చెప్పే దారి లేదు. ఫోను ఆ పిన్ను పెట్టడానికే తెరిచి మళ్ళీ మూసేస్తున్నాడు. నంబర్లు తీసుకోవడం ఆపేసి, ఉన్నవి తుడిచేద్దామని ఆపా ఆ పని మొదలుపెట్టింది. అది సగంలో ఉండగానే వాళ్ళు వచ్చారు.

కింద జ్యూసు దుకాణం అతను గట్టిగా కేకేశాడు. "ఆపా, మీ కోసం ఎవలో సార్లు వస్తున్నరు." ఎప్పుడూ అట్లా కేకేసే మనిషి కాదు. మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇద్దరు. మామూలు బట్టల్లోనే ఉన్నారు. ఎక్కడి నుంచి వచ్చారో చెప్పలేదు, మేము అడగలేదు. ఒకాయన కూర్చున్నాడు. ఇంకొకాయన కిటికీ దగ్గర నిలబడి కింద రోడ్డు చూస్తున్నాడు.

"తొవ్వ అనేది మీదేనామ్మా?"

"హౌ సార్."

"మంచి పని చేసిన్రు. ఎవరెవరు నొక్కిన్రో, ఏడ నిలబడి నొక్కిన్రో, అంత తెలుస్తదట గద దాంట్ల."

"తొవ్వ తెలుస్తది సార్."

"చూపెట్టున్రి. మాకు ఒక్క నంబరు ఉన్నది, గది ఏడ తిరుగుతుందో చూస్కుంటం, అంతే."

ఏ నంబరో ఆయన చెప్పలేదు. ఆ రోజుల్లో కేసులున్న పిల్లలు వందలమంది. వేరే ఎవరిదైనా కావచ్చు. కానీ నాకు వేములఘాట్ తొవ్వ మీది చెట్టే గుర్తొచ్చింది.

"కంప్యూటర్ మొదలువెట్టాలె సార్. ఒక్క నిమిషం. పిల్లా, సార్లకు నీళ్ళియ్యి," అంది ఆపా.

కంప్యూటర్ పొద్దుటి నుంచి నడుస్తూనే ఉంది. తెర ఆమె వైపు, నా వైపు మాత్రమే కనబడుతుంది. నేను నీళ్ళ గ్లాసు అందించి వచ్చేసరికి ఆమె కుడిచెయ్యి కదిలింది. ఒక వరుసలో ఉత్తరం అన్న మాట ముందుంది, తూర్పు అన్న మాట వెనకుంది. ముందుదాన్ని తీసి వెనక పెట్టింది. అంతే. ఫోన్లన్నీ తెరిచినప్పుడల్లా ఆ కంప్యూటర్ నుంచే పిన్నులు తెచ్చుకుంటాయి. తన ఫోను తెరిచి ఆయన చేతికిచ్చింది.

ఆయన చూశాడు. అటూ ఇటూ జరిపాడు. "ఏం లేవేంది? పొద్దుగాల నా ఫోన్లనే చూసిన. ఎర్రగుండె."

"మీ ఫోన్ల చూడున్రి ఇప్పుడు."

జేబులో నుంచి తన ఫోను తీశాడు. అందులోనూ సిద్దిపేట ఖాళీగా ఉంది. కిటికీ దగ్గరి ఆయన కూడా వచ్చి వంగి చూశాడు. ఆపా లేచి, కణుపుతో ఆ ఫోను తెరను గుంజుతూ పోయింది. దేశం పోయింది, ఎడారులు పోయాయి, తెలుపు వచ్చింది. ఆ తెలుపులో మన రోడ్లన్నింటి మీది పిన్నులు ఒకచోట గుంపుగా, ఎండుమిర్చి ఆరబోసినట్టు ఉన్నాయి.

"గీడున్నయి సార్."

"గిదేం ఊరు?"

"ఊరు గాదు. మంచు. మనుషులుండరు."

నిలబడ్డాయన నవ్వాడు. కూర్చున్నాయన నవ్వలేదు.

"ఈ పిల్ల కొత్తది సార్," అంది ఆపా, నా వైపు చూడకుండా. "రెండంకెలు తారుమారు చేసింది. పొద్దటి నుంచి గదే పంచాయితి మాకు. చెప్పు పిల్లా, సార్‌కు చెప్పు."

ఆయన నా ముఖం చూశాడు, నా కడుపు చూశాడు.

"కొత్త పిల్లను సార్. తారుమారైంది."

"మళ్ళ సరిజేస్తే ఎక్కడియి అక్కడికి వస్తయి గద?"

ఆ ప్రశ్న అడిగేంత తెలివి ఆయనకు ఉంది. ఆపా ఫ్లాస్కు మూత తీసి ఐసు ముక్క నోట్లో పెట్టుకుంది. వాళ్ళ ముందే, తీరిగ్గా. అది కరిగేదాకా ఆయన కాచుకున్నాడు. ఎందుకు కాచుకున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు.

"రావాలె సార్," అంది. "వస్తయో రావో, సరిజేసినంకనే తెలుస్తది. గీమెకు చెయ్యి కుదరాలె."

"రెండ్రోజులకు మళ్ళ వస్తం," అని లేచారు.

బూట్ల చప్పుడు కింద రోడ్డులో కలిసిపోయేదాకా ఇద్దరం కదల్లేదు. ఆ తర్వాత ఆమె ఎడమచెయ్యి మీది దుపట్టా తీసింది. "చూడు, నడుస్తుందా?" అని అడిగింది. తనకు తానుగా తాకి చూసుకునే ధైర్యం ఆమెకు లేకపోవడం అదొక్కసారే చూశాను. నేను చెయ్యి పెట్టాను. తేనెటీగలు ఎప్పటికంటే ఉరుకు మీద ఉన్నాయి.

"నడుస్తుంది ఆపా."

"అయితే రా," అంది. పిన్నులు, నంబర్లు, ఆ తొవ్వ మొత్తాన్ని కంప్యూటర్ నుంచి తుడిచేసింది. తుడిచేముందు ఒకసారి అడుగుతుంది కంప్యూటర్, నిజంగానేనా అని. అప్పుడామె ఐసు ముక్క తీసుకోలేదు.

మర్నాడు ఆమె హైదరాబాదు పోవాల్సిన రోజు. బంద్ కూడా. చేతిలో నక్ష లేదు. తెలిసినాయన కారులో బయలుదేరి, ఊరూరా ఆగి, "అన్నా, తొవ్వుందా?" అని అడుక్కుంటూ పోయిందట. పొద్దుగూకినాక దవాఖాన చేరింది. తిరిగి వచ్చేసరికి కాళ్ళు వాచి చెప్పులు పట్టలేదు. నేను ఏడుపు ఆపుకుంటుంటే నన్ను నవ్వించడానికి చూసింది.

"ఈసారి వేములఘాట్ కాడ నిజంగనే చెట్టు పడ్డది పిల్లా. పెద్దదే."

తమ్ముడు కొన్ని వారాల తర్వాత ఇంటికి వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయాయి. వాడు వేములఘాట్ దగ్గర స్నేహితుడి పొలం గదిలో ఉన్నాడట. సార్లు వచ్చిన పొద్దున లేటుగా లేచి, చెట్టు పెడదామని ఫోను తెరిస్తే ఒక్క పిన్నూ లేదు. ఊరికే నక్షను పైకి గుంజుతూ పోతే మంచుపేట వచ్చింది, అక్కడ తన నిన్నటి చెట్టుతో సహా అన్నీ ఉన్నాయి. ముందు నవ్వుకున్నాడట, అక్క మళ్ళా ఊరిని మంచులో పడేసిందని. తర్వాత నవ్వు ఆగిపోయింది. అక్క ఒకసారి చేసిన తప్పు మళ్ళీ చెయ్యదు. చేసిందంటే కావాలని చేసింది. ఫోను మూసేసి, అన్నం గిన్నె కూడా కడగకుండా ధూళిమిట్ట వైపు వేరే స్నేహితుడి దగ్గరికి పోయాడు. మూడో రోజు ఆ పొలం గదికి ఎవరో వచ్చి అడిగిపోయారని వాడికి తర్వాత తెలిసింది.

"ఏడికి పోయినవ్ బిడ్డా?" అని అవ్వ వాడి తల నిమురుతూ అడిగింది.

"మంచుపేట బస్సెక్కిన అవ్వా," అన్నాడు. అవ్వకు అర్థం కాలేదు. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

రెండ్రోజులకు వస్తామన్నవాళ్ళు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. వస్తే భయం ఒకనాటితో అయిపోయేది. రాకపోవడం వల్ల అది ఇంట్లో మనిషిలాగా ఉండిపోయింది. తమ్ముడి కేసు ఇంకా అట్లాగే ఉంది. రాష్ట్రం ఇస్తామన్నారు గాని ఇంకా చేతికి రాలేదు. వచ్చినాక కేసులు ఎత్తేస్తారని అందరూ అంటున్నారు. నా పాత ఫోన్‌లో ఆ మంచు, ఆ పిన్నులు చివరిసారి తెచ్చుకున్నవి తెచ్చుకున్నట్టే ఉన్నాయి. పాపకు చిన్నవైపోయిన గౌన్ల మధ్య చుట్టి పెట్టాను. "కాల్చెయ్ అక్కా దాన్ని," అంటాడు తమ్ముడు. కాల్చలేదు.

పాప పుట్టినాక ఆపా చూడడానికి వచ్చింది. పాపను కుడిచేతిలోకి తీసుకుంది. పాప కొత్త ముఖం చూసి గుక్కపట్టింది. ఎవరు ఎత్తుకున్నా ఆగలేదు. ఆపా దుపట్టా జరిపి, పాప చెవిని తన ఎడమచేతి ఉబ్బు మీద ఆనించి పడుకోబెట్టింది. ఆ గుర్రుమనే చప్పుడు వింటూ పాప ఏడుపు మానింది, కాసేపటికి నిద్రపోయింది. "చూసినవా, నా మోటరు పనికొచ్చింది," అంది.

నేను ఫోటో తీయబోయాను. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

"నక్కో. నన్ను తియ్యకు. పిల్లను తీసినా ఫోన్ల జాగ చెప్పేది బంద్ వెట్టి తియ్యి. ఫోటోల గూడ ఆ రెండంకెలు కూసుంటయి. పిల్ల నవ్వుడే గాదు, ఏ ఇంట్ల నవ్విందో గూడ రాస్కుంటది అది."

అప్పటి నుంచి పాప ఫోటో తీసేముందు నేను ఆ జాగ చెప్పే గుర్తును నొక్కి ఆపుతాను. మా ఆయన నవ్వుతాడు. బంధువుల్లో పిచ్చిదాన్నని పేరొచ్చింది. ఆపాను తలుచుకునే మాటలన్నీ ఒక్కొక్కటి ఇట్లా నా భయాలుగా మారిపోయాయి. అయినా వాటిని వదిలించుకోవాలని లేదు.

ఆమె పోయిన సంగతి మర్నాడు తెలిసింది. హైదరాబాదు పోయే దారిలోనే చేతిలోని చప్పుడు ఆగిపోయిందట. దవాఖానకు చేరారు. తొందరగానే చేరారు. ఆ రోజు ఏ బందూ లేదు. తొవ్వలన్నీ తెరిచే ఉన్నాయి.

ఇందాక ఇది రాస్తూ రాస్తూ లేచి, ఇప్పటి ఫోన్‌లో నక్ష తెరిచాను. పైన వెతికే చోట రెండంకెలు కొడితే అక్కడ పిన్ను దిగుతుంది. ఆపా ఉన్న గల్లీ అంకెలు నాకు నోటికి వచ్చు, రోజూ పరీక్షలకు వాడినవే. ఇంటివి కాదు, ఇంటి ముందటి తొవ్వవి. ముందు తూర్పు కొట్టాను, వెనక ఉత్తరం. నక్ష ఒక్క ఊపున పైకి పోయి తెల్లగా ఆగింది. నడుమ ఒకటే పిన్ను. దాచి పెట్టమని నొక్కితే పేరు రాయమంది. రాయలేదు. ఖాళీగానే దాచాను.

రేపు ఎవరన్నా ఈ ఫోను చేతిలోకి తీసుకుని, మనుషులు లేని చోట ఈ పిన్నేందమ్మా అని అడిగితే ఏమనాలో నాకు తెలుసు.

కొత్త పిల్లను సార్. తారుమారైంది.